సీటు రాడ్డు కొలత: 0.2 మిల్లీమీటర్ల లెక్క

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే సైకిలు సవారులకు శృంగవరపుకోట దాకా తొక్కుడు ఒక ఎత్తు, అక్కడి నుంచి మరో ఎత్తు. కోట దాటిన కాసేపటికే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. టైడా, అనంతగిరి, గాలికొండ ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. అదే కొండల్లో సాగే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. రైలు సొరంగాలు తవ్వుకుని ఎక్కిన ఆ ఎత్తును సైకిలు మలుపు తర్వాత మలుపు తిరుగుతూ అందుకోవాలి. నాలుగు గంటలు ఎక్కారనుకుందాం. నిమిషానికి 60 చొప్పున పెడల్ 14,400 సార్లు తిరుగుతుంది. ఆ ప్రతి చుట్టులోనూ సవారి బరువు సీటు మీద ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ మారుతుంది. ఈ ఊపునంతా భరించేది అంగుళం పైచిలుకు లావున్న ఒక గొట్టం. మెకానిక్కులు దాన్ని సీటు రాడ్డు అంటారు, కేటలాగుల్లో సీట్‌పోస్ట్ అని ఉంటుంది.

ఘాట్‌లో సీటు కొద్దికొద్దిగా దిగిపోతోందనీ, కిర్రుమంటోందనీ, మోకాళ్లు లాగుతున్నాయనీ అంటే చాలామంది ఇచ్చే సలహా ఒక్కటే: బోల్టు ఇంకాస్త బిగించు. మంచి మనసుతో చెప్పే మాటే, కానీ చాలాసార్లు అది ఫ్రేమును చంపుతుంది. అక్కడ తప్పు బోల్టుది కాదు, రాడ్డు వ్యాసానిది. ఆ తప్పు 0.2 మిల్లీమీటర్లంత చిన్నది కావచ్చు. అంటే రెండు కాగితాల మందం.

ఇంత సన్నని తేడాలతో ఇన్ని సైజులు ఎందుకు పుట్టాయో తెలిస్తే కొలవడం సగం వచ్చినట్టే. బజారులో దొరికే రాడ్ల వ్యాసాలు చూడండి: 25.4, 26.4, 26.6, 26.8, 27.0, 27.2, తర్వాత 28.6, 30.0, 30.4, 30.9, 31.6, 34.9. మొదటి చూపుకు గందరగోళంగా కనిపించే ఈ అంకెల వెనుక ఒక చరిత్ర ఉంది. సైకిలు బ్రిటన్‌లో, ఫ్రాన్సులో పెరిగి పెద్దదైంది. గొట్టం బయటి కొలత అంగుళాల్లో స్థిరపడింది. సీటు కింద నిలువుగా నిలిచే గొట్టం బయటి వ్యాసం ఇనుప ఫ్రేములలో ఒకటీ ఒకటిలో ఎనిమిదో వంతు అంగుళం, అంటే 28.6 మిల్లీమీటర్లు. గొట్టం గోడ మందాన్ని మాత్రం మిల్లీమీటర్లలో, పదో వంతుల్లో లెక్కగట్టారు. రాడ్డు దూరేది లోపలికి కనుక బయటి వ్యాసంలోంచి గోడ మందాన్ని రెండుసార్లు తీసేయాలి. గోడ 0.7 అయితే 28.6లో 1.4 పోగా 27.2 మిగులుతుంది. గోడ 0.8 అయితే 27.0, 0.9 అయితే 26.8, ఒక మిల్లీమీటరు అయితే 26.6. తక్కువ ధర ఇనుప ఫ్రేములో గోడ 1.6 దాకా ఉంటే 25.4, అంటే సరిగ్గా అంగుళం. గోడ మందం 0.1 చొప్పున మారుతుంది, గోడలు రెండు. అందుకే రాడ్లు 0.2 చొప్పున మారుతాయి.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. మంచి ఉక్కుకు పలచటి గోడ చాలు. గోడ పలచబడితే లోపలి రంధ్రం పెద్దదవుతుంది. కనుక పాత ఉక్కు ఫ్రేము సీటు రాడ్డు కొలత చూస్తే ఆ ఫ్రేము నాణ్యత కూడా కొంత తెలిసిపోతుంది. ఈ పలచటి గొట్టాల పనిలో పేరు మోసిన బర్మింగ్‌హామ్ కంపెనీ రెనాల్డ్స్. చివర్ల మందంగా, నడుమ పలచగా ఉండే గొట్టానికి 1897లో పేటెంటు తీసుకుంది. తర్వాత ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ సంస్థలో భాగమైంది. ఆ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ తోడ్పాటుతోనే 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ పుట్టింది. మన ఊళ్లలో తాతల కాలం నుంచీ తిరిగిన హెర్క్యులెస్ సైకిళ్లు అంబత్తూరులోని ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతల్లోకి మారినా సైకిలు అంగుళాన్ని వదల్లేదు. ఇవాళ్టికీ 26 అంగుళాల చక్రం అనే అడుగుతాం.

కొండ సైకిళ్లు వచ్చాక లెక్క మరో మలుపు తిరిగింది. అల్యూమినియం బరువులో ఉక్కుకు మూడో వంతు, కానీ బిరుసుదనంలోనూ మూడో వంతే. అదే లావు గొట్టం చేస్తే ఫ్రేము ఊగుతుంది. గొట్టం లావు పెంచితే ఆ లోటు తీరుతుంది. ఎందుకంటే గోడ మందం మారకుండా వ్యాసం పెరిగితే వంగకుండా నిలిచే శక్తి వ్యాసం ఘనంతో పాటు పెరుగుతుంది. 27.2 రాడ్డును అదే గోడతో 31.6కు పెంచితే బిరుసుదనం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 1970లలో అమెరికాలోని ఎంఐటీలో గ్యారీ క్లైన్ లావాటి అల్యూమినియం గొట్టాల మీద పని చేశారు. ఆ దారే తర్వాత పరిశ్రమ మొత్తానికీ దారి అయింది. సీటు గొట్టం బయటి వ్యాసం 31.8కీ 34.9కీ చేరింది. 34.9 గొట్టంలో గోడ 2.0 ఉంటే 30.9 రాడ్డు పడుతుంది, 1.65 ఉంటే 31.6 పడుతుంది. బయటి నుంచి చూస్తే రెండు ఫ్రేములూ ఒకేలా ఉంటాయి. కంటితో తేడా పట్టడం ఎవరివల్లా కాదు.

చాలామంది కొనుగోలుదారులు దెబ్బతినేది ఇక్కడే. ఫ్రేము మీద సీటు బోల్టు ఉండే పట్టీ మీద 31.8 అనో 34.9 అనో అంకె ఉంటుంది. అది చూసి అదే సైజు రాడ్డు తెప్పించుకుంటారు. ఆ అంకె గొట్టం బయటి కొలత, రాడ్డు కొలత కాదు. 31.8 పట్టీ ఉన్న ఫ్రేములో చాలావరకు 27.2 రాడ్డు పడుతుంది. అమ్మేవారు ఈ ఒక్క ముక్క చెప్పినా ఎందరికో డబ్బు మిగులుతుంది.

మరి సైజు తప్పితే ఏమవుతుంది? గొట్టం నోటి దగ్గర ఒక చీలిక ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ చీలిక మూసుకుని, గొట్టం రాడ్డును చుట్టూ పట్టుకుంటుంది. వ్యాసం తగ్గాలంటే చుట్టుకొలత అంతకు 3.14 రెట్లు తగ్గాలి. రాడ్డు 0.2 సన్నగా ఉంటే చీలిక 0.63 మిల్లీమీటర్లు మూసుకోవాలి. 0.4 సన్నగా ఉంటే 1.26. 31.6 ఫ్రేములో 30.9 రాడ్డు పెట్టి బిగిస్తే చీలిక ఏకంగా 2.2 మిల్లీమీటర్లు దగ్గర పడాలి. లోహం అంత వంగినా కింద ఉన్న గొట్టం కదలదు. కాబట్టి పైఅంచు మాత్రమే లోపలికి ముడుచుకుని, రాడ్డును సన్నని గీత వెంట పట్టుకుంటుంది. పది సెంటీమీటర్ల పొడవునా పంచుకోవలసిన బరువు ఆ గీత మీద పడుతుంది. కింద రాడ్డు చివర వదులుగా ఆడుతూనే ఉంటుంది. కిర్రుమనే చప్పుడు ఆ ఆటదే.

అయిదు మిల్లీమీటర్ల బోల్టును 5 న్యూటన్ మీటర్ల బలంతో తిప్పితే అది సుమారు 5,000 న్యూటన్లతో, అంటే అర టన్ను బరువంత బలంతో లాగుతుంది. ఇంకా ఇంకా బిగిస్తూ పోతే మరలు అరుగుతాయి, లేదా చీలిక అడుగున పగులు మొదలవుతుంది. అల్యూమినియం ఫ్రేములో ఆ పగులు పాకిందంటే మామూలు వెల్డింగు షాపులో అతికించేది కాదు. వెల్డు వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడిపోతుంది. తక్కువ ధరలో దొరికిందని తెచ్చిన రాడ్డు మొత్తం ఫ్రేమునే తీసుకుపోవడం ఇలాగే.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. బోల్టు బిగించాక చీలికను ఎదురుగా చూడండి. రెండు అంచులూ పైనుంచి కిందికి సమాంతరంగా ఉంటే రాడ్డు సరైనది. పైన ఇరుకై కింద వెడల్పుగా కనిపిస్తే రాడ్డు సన్నం. పైన వెడల్పై కింద ఇరుగ్గా ఉంటే ఎవరో లావు రాడ్డును సుత్తితో దిగగొట్టారన్నమాట. సరైన రాడ్డు పలచగా గ్రీజు రాసి, బోల్టు వదులు చేసి దించితే చేతి బలానికే మెత్తగా దిగుతుంది. పది సెంటీమీటర్లు దిగాక పక్కలకు ఊపితే కదలదు. సుత్తి కావలసి వచ్చిందంటే అక్కడితో ఆపాలి.

ఇక కొలవడం. ఫ్రేములో అసలు రాడ్డు ఉంటే పని సులువు. దాన్ని పూర్తిగా బయటికి లాగి అడుగు భాగం చూడండి. చాలా రాడ్లకు కనీస లోతు గీత పక్కనే వ్యాసం అచ్చు వేసి ఉంటుంది. కానీ సెకండ్ హ్యాండు సైకిలు అయితే ఆ అంకెను గుడ్డిగా నమ్మకండి. పాత యజమాని పెట్టిందే తప్పు సైజు కావచ్చు. అప్పుడు ఫ్రేమునే అడగాలి. దానికి సాధనం వెర్నియర్ కాలిపర్. పియర్ వెర్నియర్ 1631లో బయటపెట్టిన ఉపాయం ఇప్పటికీ ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో మన పిల్లలు నేర్చుకుంటున్నారు. ప్రధాన స్కేలు మీద 9 గీతలు పట్టే చోట పక్క స్కేలు మీద 10 గీతలు గీస్తే, ఏ గీత ఏ గీతతో కలిసిందో చూసి 0.1 మిల్లీమీటరు దాకా చదవచ్చు. వర్క్‌షాపు వెర్నియర్‌లో 49 గీతల చోట 50 ఉంటాయి, అది 0.02 దాకా చదువుతుంది. మన అవసరానికి కాలేజీ వెర్నియరు కూడా చాలు.

ఎక్కడ కొలుస్తున్నామన్నది మాత్రం ముఖ్యం. గొట్టం నోరు నమ్మదగిన చోటు కాదు. చీలిక దగ్గర అది ఎన్నోసార్లు బిగిసి ముడుచుకుపోయి ఉంటుంది, రంగు పొర ఉంటుంది, కోసినచోట గరుకు మిగిలి ఉంటుంది. ముందు బోల్టు తీసేసి, లోపల గుడ్డతో తుడిచి, కాలిపర్ లోపలి దవడలను వీలైనంత కిందికి దించాలి. ముందు–వెనుకగా ఒకసారి, పక్కలకు ఒకసారి కొలవాలి. రెండూ కలవకపోతే గొట్టం కోలగా అయిందని అర్థం. వెల్డు వేడికీ పాత బిగింపులకూ అలా అవుతుంది. 27.25, 27.3 లాంటి అంకె వస్తే 27.2 రాడ్డు సరిపోతుంది. రాడ్డు కదలడానికి ఆ కాస్త సందు కావాలి. 27.1 వచ్చినప్పుడే చిక్కు: అది ముడుచుకున్న 27.2 నోరు కావచ్చు, నిజంగా 27.0 కావచ్చు. అలాంటప్పుడు అంకెతో వాదించడం కంటే రెండు సైజుల రాడ్లూ దించి చూడటమే తేలిక. అనుభవమున్న మెకానిక్కులు చేసేది అదే.

వెర్నియర్ లేని చోట ఏం చేయాలి? అరకు లోయలో ఊరు ఊరికీ అది ఉండదు. కానీ పాత రాడ్డు చేతిలో ఉంటే కాగితం ముక్క, గుండుసూది, స్కేలు చాలు. కాగితాన్ని సన్నగా కత్తిరించి రాడ్డు చుట్టూ బిగుతుగా చుట్టి, ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట సూదితో పొడవాలి. విప్పి రెండు చిల్లుల మధ్య దూరం కొలవాలి. 31.6 రాడ్డుకు అది 99.3 మిల్లీమీటర్లు, 30.9కి 97.1. రెండు మిల్లీమీటర్ల తేడా బడి పిల్లల స్కేలు మీద కూడా స్పష్టంగా కనిపిస్తుంది. 27.2కి 85.5, 26.8కి 84.2. కాగితం మందం వల్ల కొలత మూడో వంతు మిల్లీమీటరు ఎక్కువ వస్తుంది, దాన్ని తీసేయండి. 27.0కీ 27.2కీ మధ్య తేడా మాత్రం ఈ పద్ధతికి కష్టమే.

కొండ ఊళ్లలో గొడ్డలి కామ వదులైతే సందులో చీల దిగగొట్టి బిగిస్తారు. సీటు రాడ్డుకూ అదే ఆలోచనతో కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి చుట్టేవాళ్లున్నారు. ఆ రేకు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఒక చుట్టు చుడితే వ్యాసం సరిగ్గా 0.2 పెరుగుతుంది. దారిలో సీటు దిగిపోతుంటే ఇల్లు చేరడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. కానీ దాన్ని ఏళ్ల తరబడి ఉంచకూడదు. రేకు నలుగుతుంది, కిందికి జారుతుంది, లోపల చెమ్మ పట్టి ఇరుక్కుపోతుంది. 31.6 ఫ్రేములో 27.2 రాడ్డు వాడాలంటే అందుకోసమే చేసిన అల్యూమినియం తొడుగులు దొరుకుతాయి. పైన అంచు ఉండి లోపలికి జారని తొడుగు, కనీసం ఎనిమిది సెంటీమీటర్ల పొడవున్నది తీసుకుని, దాని చీలికను ఫ్రేము చీలికతో కలిపి పెట్టాలి.

వ్యాసం తేలాక పొడవు చూడాలి. 300, 350, 400 మిల్లీమీటర్ల రాడ్లు ఎక్కువగా దొరుకుతాయి. ఎంత పైకి ఉందన్నదానికంటే ఎంత లోపల ఉందన్నది ప్రాణం మీది సంగతి. 70 కిలోల మనిషి కూర్చున్న సీటు గొట్టం నేలకు 73 డిగ్రీల వాలులో ఉంటే, రాడ్డును వెనక్కి వంచే బలం సుమారు 200 న్యూటన్లు. రాడ్డు 25 సెంటీమీటర్లు పైకి ఉండి 10 సెంటీమీటర్లు లోపల ఉంటే, దాని అడుగు చివర గొట్టం గోడను 500 న్యూటన్లతో, అంటే 50 కిలోల బరువంత బలంతో నెడుతుంది. లోపల ఉన్నది 5 సెంటీమీటర్లే అయితే అది 100 కిలోలు. గుంటలో పడితే ఇంకెన్నో రెట్లు. అందుకే రాడ్డు మీద కనీస లోతు గీత ఉంటుంది. అది అడుగు నుంచి రాడ్డు వ్యాసానికి కనీసం రెండు రెట్ల ఎత్తున ఉండాలని అమెరికా భద్రతా నిబంధన. కొండ దారుల్లో అది చాలదని నా అభిప్రాయం. పైఅడ్డ గొట్టం వచ్చి కలిసే చోటు దాటి కిందికి రాడ్డు దిగి ఉండాలి. లేకపోతే భారమంతా ఆ కలయికకు పైనున్న పొట్టి ముక్క మీదే పడుతుంది.

ఘాట్ దిగేటప్పుడు సీటు ఎత్తుగా ఉంటే ఒంటి బరువు ముందుకు పడి ప్రమాదం. 1980లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండ సైకిలు మార్గదర్శకుల్లో ఒకరైన జో బ్రీజ్, జోష్ ఏంజెల్‌తో కలిసి సీటును దించి మళ్లీ లేపే స్ప్రింగు పరికరం హైట్‌రైట్‌ను తెచ్చారు. ఇప్పుడు హ్యాండిల్ మీద మీట నొక్కితే దిగే డ్రాపర్ రాడ్లు వచ్చాయి. లోపల యంత్రం పట్టాలి కనుక అవి ఎక్కువగా 30.9, 31.6, 34.9 సైజుల్లోనే దొరుకుతాయి. 27.2 ఫ్రేము కొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

లంబసింగి చలికి రాడ్డు బిగుసుకుపోయిందనే మాట కూడా వింటుంటాం. లెక్క వేసి చూద్దాం. విశాఖ ఎండకీ లంబసింగి తెల్లవారుజాముకీ తేడా 40 డిగ్రీలనుకుంటే, 27.2 అల్యూమినియం రాడ్డు 0.025 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది, ఉక్కు గొట్టం 0.013. అంటే చలికి రాడ్డు నిజానికి వెంట్రుకవాసి వదులవుతుంది. బిగించేది చలి కాదు, తడి. ఉక్కు, అల్యూమినియం, ఉప్పు నీరు మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో తినిపోయేది అల్యూమినియం. దాని నుంచి పుట్టే తెల్లటి పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి రాడ్డును గొట్టానికి అతికించేస్తుంది. విశాఖ సముద్రపు గాలిలో తిరిగి, అనంతగిరి వానలో తడిసే సైకిలుకు ఇది తప్పని ముప్పు. మృగశిర కార్తె రాకముందే రాడ్డు బయటికి తీసి, ఎర్రమట్టి తుడిచి, కొత్త గ్రీజు రాసి పెట్టడమే మందు. కార్బన్ ఫైబర్ రాడ్డుకు మాత్రం గ్రీజు వాడకూడదు, దానికి వేరే పేస్టు ఉంటుంది. ఇప్పటికే ఇరుక్కుపోయిన రాడ్డుకు తుప్పు వదిలే నూనె పోసి ఒకటి రెండు రోజులు ఓపిక పట్టండి. మంట పెట్టి వేడి చేయడం తప్పు. ఉక్కు కంటే అల్యూమినియమే ఎక్కువ వ్యాకోచించి ఇంకా బిగుస్తుంది.

ఈ కొలతల గొడవ ఖరీదైన గేర్ సైకిళ్లవాళ్లదే అనుకోవద్దు. బడికొస్తా పథకం కింద రాష్ట్రంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ వయసు పిల్ల ఏటా పొడుగవుతుంది. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దాని నుంచి సీటు దాకా ఉండే దూరం కాలి లోపలి పొడవులో 109 శాతం ఉండాలని 1967లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. కాలు 5 సెంటీమీటర్లు పెరిగితే సీటు సుమారు 5.5 సెంటీమీటర్లు లేవాలి. రాడ్డు తుప్పుకు అతుక్కుపోయి ఉంటే లేవదు. పిల్ల మోకాళ్లు ముడుచుకుని తొక్కుతుంది, ఏటవాలు దారిలో దిగి నెట్టుకుంటూ పోతుంది, కొన్నాళ్లకు సైకిలు గోడకు చేరుతుంది. ఎత్తు చాలక గీత దాటించి లేపితే పడిపోయే ప్రమాదం. అలాంటప్పుడు కావలసింది కొత్త సైకిలు కాదు, అదే వ్యాసంలో పొడవాటి రాడ్డు.

అందుకే ఐటీఐలలో టర్నరు, ఫిట్టరు ట్రేడులు చెప్పే మాస్టర్లకు ఒక విన్నపం. లేత్ మీద ఒకే ఉక్కు కడ్డీని 25.4 నుంచి 27.2 దాకా మెట్లు మెట్లుగా తిప్పించండి, మెట్టు మెట్టుకూ అంకె చెక్కించండి. పిల్లలకు మంచి అభ్యాసం, సైకిలు షాపుకు జీవితాంతం పనికొచ్చే కొలబద్ద. ఏ మెట్టు దాకా దిగిందో అదే ఆ ఫ్రేము సైజు. అలాంటి కడ్డీలు శృంగవరపుకోటలో, అరకులో, పాడేరులో షాపుకొకటి ఉంటే చాలు. షాపువాళ్లు కూడా కొత్త రాడ్డు అమ్మినప్పుడు వ్యాసం, పొడవు రెండూ బిల్లు మీద రాసి ఇవ్వండి. రాయకపోతే అడిగి రాయించుకోండి.